అరికాలికి తెలిసిన చోటు

గడ్డి మీద మంచు.

ఇంకా ఎవరూ తొక్కని మంచు. తెల్లగా, పల్చగా, ఊదితే చెదిరిపోయేలా...

అందులో ఒక పాదం పడింది. మంచు పోయి, పాదమంత పచ్చదనం మిగిలింది. మడమ లేదు. ఐదు వేళ్ళూ, వాటి కింది మెత్తటి కండా — అంతే. దాని ముందు ఇంకొకటి. దాని ముందు ఇంకొకటి. మైదానం అంచు వెంట ఎవరో ఆకుపచ్చ దారంతో కుట్టుకుంటూ పోయినట్టు.

ఆవిడ అలా పరిగెత్తేది. చెప్పుల్లేకుండా.

ఆవిడ మొగుడు చెప్పులు బాగుచేసేవాడు.

దీని మీద నవ్వనివాళ్ళు ఆ వీధిలో లేరు. "ఊరందరికీ కుడతారు, ఇంటావిడకి ఒక్క జత కుట్టలేరా మాస్టారూ?" అనేవాళ్ళు, తెగిన చెప్పు చేతికిస్తూ. ఆయన పెదవుల మధ్య మేకులుండేవి. నవ్వితే రాలిపోతాయి. తలూపి ఊరుకునేవాడు.

జోళ్ళ మాస్టారని ఆయనకు పేరు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పింది లేదు. కాలేజీలో రెండేళ్ళు చదివాడు. తండ్రి చూపు మందగిస్తే వచ్చి తండ్రి పీట మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ళు కూర్చున్నాడు. చెయ్యి చూసి చెప్పేవాళ్ళు ఉంటారు కదా — ఆయన అరిగిన మడమ చూసి చెప్పేవాడు. ఒక పక్కే అరిగితే, ఆ భుజాన ఏదో బరువు మోసే మనిషి. బొటనవేలి దగ్గర చిల్లుపడితే, తొందర మనిషి. అరికాలంతా ఒక్కలా అరిగిపోతే...

"ఇతనెవరో నిలబడి ఎదురుచూసే మనిషి" అనేవాడు.

ఊరి అరికాళ్ళన్నీ ఆయనకు తెలుసు. ఆవిడవి తప్ప. అరగదీసిన జోడు ఉంటేగా చదవడానికి!

"ఊళ్ళో కాళ్ళన్నీ మీవి. ఈ రెండూ మాత్రం నావి" అనేది.

*

కొట్టు మైదానానికి ఎదురుగా ఉండేది. మధ్యలో ఒక సన్నటి రోడ్డు, అంతే.

ఆవిడ పరుగు ముగించి, రోడ్డు దాటి, అలాగే కొట్లోకి వచ్చేది. నేల మీద తడి అడుగులు. ఒకటీ రెండూ మూడూ — పీట దాకా. ఫ్లాస్కులో టీ వంచి ఇచ్చి, తను గడప మీద కూర్చునేది. టీ అయ్యేలోపు అడుగులు ఆరిపోయేవి.

కొట్టు నేల అంటే మేకుల నేల. కొడుతుంటే జారిపడేవి కొన్ని, పాత మడమ ఊడదీస్తే రాలేవి కొన్ని. అందుకే రోజూ సాయంత్రం, తలుపు మూసేముందు, ఆయన ఒక పని చేసేవాడు. రంగుపోయిన పాత అయస్కాంతం ఒకటి తాడుకి కట్టి, నేలంతా ఈడ్చేవాడు. మూలమూలకీ. గింజలు చల్లితే కోళ్ళు పరిగెత్తుకొచ్చినట్టు మేకులు వచ్చేవి — టిక్... టిక్... టిక్.

ఎందుకో ఆవిడకు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఒక రోజు మాత్రం గడప మీద కూర్చుని, పాదం పైకి తిప్పి చూసుకుంటూ అంది — "మీ కొట్టు నేల ఎంత మంచిదండీ! ఇన్నేళ్ళలో ఒక్క మేకూ గుచ్చుకోలేదు."

ఆయన పెదవుల మధ్య మేకులున్నాయి. తలూపాడు.

*

మైదానం ఆవిడకు కంటికి తెలిసింది కాదు. కాలికి తెలిసింది.

కుళాయి దగ్గర జిల్లుమంటుందట, వేళ్ళ సందుల్లోంచి పిక్క దాకా. నీళ్ళ ట్యాంకు మూల కంకరట — పళ్ళొస్తున్న పసిపిల్ల కొరికినట్టుంటుందట. గోలుపోస్టు కింద మట్టి జల్లించిన పిండిలా ఉంటుందట. కంచె పక్కన ఎండుటాకులట, అవి కాలికంటే ముందు చెవికి తెలుస్తాయట.

"ఇంకో చోటుంది" అంది ఒకసారి, గొంతు తగ్గించి. "ఇంత మంచులోనూ వెచ్చగా ఉంటుంది. ఒక్క అడుగు మేర. అంతే."

"ఎక్కడ?"

"చెబితే ఏం తెలుస్తుంది? జోళ్ళు విప్పి రండి."

"పొద్దున్నే పని ఉంటుందే..."

"ఉంటుంది. పనెక్కడికి పోతుంది?"

"రేపు చూద్దాంలే."

ఆ రేపు ఎంత దూరం పోయిందో! ఏళ్ళ తరబడి పోయింది. రోడ్డు దాటితే ఉన్న మైదానానికి ఆయన చేరనే లేదు.

తరవాత వానలు పడ్డ ఒక వారం. ఆసుపత్రి మంచం. పొట్టి దుప్పటి, కాళ్ళ దాకా రాలేదు. అప్పుడు చూశాడు ఆ అరికాళ్ళు. ముందు భాగం దళసరిగా, పదునుచేసిన తోలులా. మడమలు మాత్రం నున్నగా, చిన్నపిల్లవిలా. చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ చదువు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

చల్లబడేదాకా అలాగే పట్టుకున్నాడు.

*

ఆవిడ పోయిన మూడో నెలలో, ఒక తెల్లవారుజామున, మైదానం గేటు దగ్గర ఆయన జోళ్ళు విప్పాడు.

వంద అడుగులు కూడా పరిగెత్తలేదు. ఒక గులకరాయి తగిలింది. ప్రాణం అరికాల్లోనే ఉన్నట్టు గిలగిల్లాడింది. మర్నాడు పిక్కలు రాళ్ళయిపోయాయి. మేడ మెట్లు కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ దిగాడు.

కూతురు చూసింది. సిటీ బస్సులో కండక్టరు. పొద్దంతా నిలబడే ఉద్యోగం. ఇంటికి రాగానే బూట్లు విప్పి, ఉబ్బిన పాదాలు రెండూ కుర్చీ మీద పెట్టుకుంటేగానీ మాట రాదు.

"ఏంటి నాన్నా ఇది? ఈ వయసులో పరుగు పందేలా?"

"ఊరికే. గాలి కోసం."

"గాలి కోసమైతే కిటికీ ఉందిగా!"

ఆయన నవ్వాడు. చెప్పలేదు. వెచ్చని చోటు సంగతి చెబితే — ఏమని చెప్పాలి? మీ అమ్మ ఒక చోటు చూసి ఉంచింది, తను పిలిచినప్పుడు నేను పోలేదు, ఇప్పుడు పోతున్నానని?

మైదానంలో పిల్లలకి పరుగు నేర్పే కోచ్ ఒకాయన ఉండేవాడు, మెడలో ఎప్పుడూ విజిల్. ఆయనే పిలిచి చెప్పాడు. "మడమ ముందు వెయ్యకండి మాస్టారూ. జోడుంటే ఆ దెబ్బ అది తింటుంది. ఉత్త కాలైతే ఎముకే తినాలి. ముందు పాదం, అంటే వేళ్ళ కింది కండ, అది వాల్చండి. చిన్న చిన్న అడుగులు. పిల్లిలాగా."

"అసలు దీనివల్ల లాభమేంటండీ?"

"కాలికి నేల తెలుస్తుంది."

"మరి నష్టం?"

కోచ్ విజిల్ నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అదేనండీ" అన్నాడు.

*

నిజమే. రెండూ ఒకటే.

నేల తెలిసింది. తెలిసి కరిచింది. బొబ్బలెక్కాయి. బొబ్బలు చితికి తోలయ్యాయి. ముల్లు దిగితే సూదితో తనే తీసుకున్నాడు — సూది ఆయనకు కొత్తా? నలభై ఏళ్ళు పీట మీద మడిచిన మోకాళ్ళు. నడిస్తే కిర్రుమనేవి. ఇప్పుడు మెల్లగా నోరు మూసుకున్నాయి. చీలమండలో ఎప్పటినుంచో నిద్రపోతున్న నరమేదో లేచి ఒళ్ళు విరుచుకుంది. పాదం నేలను కొట్టడం మానింది. తాకడం నేర్చుకుంది.

ఒకనాడు కుళాయి దగ్గర — జిల్లుమంది. వేళ్ళ సందుల్లోంచి పిక్క దాకా.

ఆగిపోయాడు. అక్షరాలా ఆవిడ చెప్పినట్టే. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాడు. మంచులో ఎవరి ముఖం తడిసిందో ఎవరికి తెలుస్తుంది?

తరవాత కంకర. పళ్ళొస్తున్న పసిపిల్ల. తరవాత పిండిలాంటి మట్టి. తరవాత ఆకులు.

వెచ్చని చోటు మాత్రం దొరకలేదు.

దొరుకుతుంది. ఆయన వెతికే తీరు అలాంటిది. మొదటి రోజు మైదానం అంచు వెంట ఒక చుట్టు. మర్నాడు ఒక అడుగు లోపలికి. ఆ మర్నాడు ఇంకో అడుగు లోపలికి. అట్ట మీద అట్ట పెట్టి, వరస పక్కన వరస కుట్టినట్టు. కుట్టు తప్పకుండా పోతే ఎప్పటికైనా మధ్యకు చేరాల్సిందే.

ఆవిడ అడుగు పడిన ఆ ఒక్క చోట, తన అడుగు పడాల్సిందే.

*

ఒక రోజు కంకర కరవలేదు.

కాళ్ళు రాటుదేలాయనుకున్నాడు. ఇంటికొచ్చి కూతురితో గొప్పలు కూడా పోయాడు. "ఇప్పుడు నిప్పుల మీద నడవమన్నా నడుస్తా!"

"నడుద్దువుగానిలే, ముందు అన్నం తిను."

ఇంకొన్నాళ్ళకి కుళాయి దగ్గర జిల్లుమనలేదు. చలి తగ్గుతోంది కదా, అనుకున్నాడు.

గోలుపోస్టు కింద మట్టి మెత్తగా తగల్లేదు. వానల్లేక గట్టిపడింది కాబోలు, అనుకున్నాడు.

పాపం, నేలనే అనుకున్నాడు. రుతువునే అనుకున్నాడు. తన కాలిని మాత్రం ఒక్క మాట అనలేదు.

పైగా ఎంత సుఖంగా ఉందో! నొప్పి లేదు. మంట లేదు. మబ్బు మీద పరిగెత్తినట్టు... చుట్టు పక్కన చుట్టు, లోపలికి, ఇంకా లోపలికి. సగం మైదానం దాటాడు. ఎక్కడా వెచ్చదనం లేదు.

ఎక్కడా చల్లదనమూ లేదు.

అది ఆయన గమనించలేదు.

*

ఒక సాయంత్రం వంటింట్లో మంచినీళ్ళకి లేచాడు. రాతి గచ్చు.

ఒక అడుగు మెత్తగా పడింది.

ఒక అడుగు — టిక్.

మెత్తగా. టిక్. మెత్తగా. టిక్.

ఆ చప్పుడు ఆయనకు నిద్రలోనైనా తెలుస్తుంది. మడమలో మేకు పైకి లేచిన చప్పుడు. వీధిలో ఎవరైనా అలా నడుస్తూ పోతే, తలెత్తకుండానే పిలిచేవాడు — "బాబూ, ఇలా రా, మేకు లేచింది, కాల్లో దిగుతుంది."

ఎవరిదీ జోడు, అని వెనక్కి తిరిగి చూశాడు.

వంటింట్లో ఎవరూ లేరు.

తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. జోళ్ళు లేవు.

ఆయన కేకకి కూతురు పరుగున వచ్చింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి కింద, దళసరి తోలులో, మెరుస్తూ ఒక మేకు తల. చుట్టూ ఎర్రగా, ఉబ్బి, అంచున పసుపుపచ్చగా. ఆయన పట్టకారుతోనే లాగింది.

"నొప్పిగా లేదూ?"

"లేదమ్మా" అన్నాడు. శుభవార్త చెప్పినట్టు.

తరవాత ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆయన మేకుని తీసుకుని దీపం కింద తిప్పి చూశాడు. తన కొట్టుదే. తల ఒక పక్క అరిగింది. "నాలుగు రోజులు" అన్నాడు. "ఐదైనా కావచ్చు. ముందు పాదం మీద బరువేసే మనిషి." ఎవరో ఊరివాళ్ళ చెప్పు గురించి చెప్పినట్టే చెప్పాడు.

"నాన్నా, రోజూ అయస్కాంతం తిప్పేవాడివి కదా!"

"మీ అమ్మ కోసం తిప్పేవాణ్ణి. ఇప్పుడింక ఉత్త కాళ్ళతో ఎవరొస్తారులే అని..."

ఆగిపోయాడు.

ఉత్త కాళ్ళతో ఎవరొస్తున్నారో ఇన్నాళ్ళూ ఆయనకు తోచనే లేదు. రోజూ మైదానం నుంచి అలాగే వచ్చి, పీట దాకా తడి అడుగులు వేసిన మనిషి — తనే. ఆ కాళ్ళ కోసం కూడా నేల ఊడ్చాలని, అవీ కాళ్ళేనని...

*

డాక్టరమ్మ చేతిలో ఒక సన్నటి నైలాన్ పోగు.

"కళ్ళు మూసుకోండి. ఇది అరికాలికి తాకిస్తాను. తెలిసినప్పుడు చెప్పండి."

కళ్ళు మూసుకున్నాడు. ఎదురుచూశాడు. చీకట్లో కుళాయి గుర్తుచేసుకున్నాడు. కంకర గుర్తుచేసుకున్నాడు.

"తెలిసినప్పుడు చెప్పండి."

ఎంతసేపని ఊరుకుంటాడు? "ఆఁ, తెలిసింది" అన్నాడు.

పక్కన కూతురు ఊపిరి ఒక్కసారి బిగపట్టిన చప్పుడు వినిపించింది. పోగు ఇంకా తాకనే లేదని దానితో తెలిసిపోయింది. డాక్టరమ్మ ఆ మాట అనలేదు. "సరేనండీ" అంది, మెత్తగా. లోకంలో అలాంటి సరేలు కొన్ని ఉంటాయి, ఒంటి మీద దుప్పటి కప్పినట్టు.

తరవాత పోగు అరచేతికి తాకించింది. "తెలిసింది" అన్నాడు వెంటనే. ఈసారి నిజం.

"చేతులు ఇంకా బాగానే ఉన్నాయి" అందామె.

ఆ 'ఇంకా' అనే మాట ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు.

షుగరట. ఎప్పటినుంచో ఉండి ఉంటుందట. అరికాళ్ళలో ఒక్కొక్కటే నరాలు ఆరిపోతూ వచ్చాయట. పుండు మానుతుంది. ఇంకో వారం ఆలస్యమైతే వేలు పోయేది. "ఆ చప్పుడు వినడం మీ అదృష్టం పెద్దాయనా. ఇంక ఉత్త కాలితో ఒక్క అడుగు వెయ్యకూడదు. ఇంట్లో కూడా."

"గడ్డి మీద?"

"గడ్డి మీద అసలే వద్దు. అందులో ఏముందో కంటికి కనపడదు. మీ కాలికి తెలియదు."

సగం మైదానం మిగిలిపోయింది.

*

ఆయన తన కోసం ఒక జత కుట్టుకున్నాడు. లోపల కుట్టు తగలకుండా. మెత్తటి తోలు, వేళ్ళకి చోటు. ఒక్క మేకు వాడలేదు. తొమ్మిది రోజులు పట్టింది. అంత మంచి జోడు ఆయన చేతి నుంచి ఎన్నడూ రాలేదు. వేసుకుంటే, వేసుకున్నట్టు తెలియలేదు.

తెలియకపోవడమే దాని గొప్ప. తెలియకపోవడమే...

కూతురు రోజూ డ్యూటీ దిగి నేరుగా కొట్టుకే వస్తుంది. బూట్లయినా విప్పకుండా, చిన్న అద్దం పట్టుకుని ఆయన ముందు కూర్చుంటుంది.

"ఊఁ, టికెట్టు చూపించు."

ఆయన కాలెత్తుతాడు. ఆమె అరికాలంతా చూస్తుంది. వేళ్ళ సందులు చూస్తుంది. "సరే, రైట్ రైట్" అంటుంది. రెండో కాలు.

తరవాత లేచి, మేకుకి తగిలించిన అయస్కాంతం తీసుకుంటుంది. నేలంతా ఈడుస్తుంది. మూలమూలకీ.

టిక్... టిక్... టిక్.

ఆయన ఆ చప్పుడు వింటూ కూర్చుంటాడు. నోట్లో మేకులు లేకపోయినా మాట రాదు.

*

పుండు మానింది. మళ్ళీ చలి వచ్చింది.

కూతురికి సెలవు రోజు. తెల్లారగట్ల ఇద్దరూ మైదానం గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన కాళ్ళకి జోళ్ళున్నాయి. అప్పుడు చెప్పాడు — ఆవిడ చెప్పిన చోటు సంగతి. చుట్టు పక్కన చుట్టు తను వెతికిన సంగతి. సగంలో ఆగిన సంగతి.

కూతురు మైదానం మధ్యకు చూసింది.

"కింద ఏ వేడినీళ్ళ గొట్టమో ఉందేమో నాన్నా."

"ఉందేమో."

"అమ్మ నిన్ను రప్పించడానికి ఊరికే అందేమో."

"అందేమో."

ఆమె వంగింది. లేసులు విప్పింది. బూట్లు గేటు పక్కన పెట్టింది, మేజోళ్ళు వాటిలో దోపింది.

"వద్దమ్మా, గాజుముక్కలుంటాయి..."

"నా కాళ్ళకి తెలుస్తుందిలే." అనేసి, నాలుక కరుచుకుంది.

ఆయన నవ్వాడు. ఎన్నాళ్ళకో, పూర్తిగా.

"తెలిసినప్పుడు చెప్పు" అన్నాడు.

ఆమె పరిగెత్తింది. మొదట మడమలు నేలను దబదబా కొట్టాయి. "ముందు పాదం!" అని ఆయన అరిచాడు. "పిల్లిలాగా!"

కుళాయి దగ్గర — "అమ్మో, చలి!"

ట్యాంకు మూల — "అబ్బా! నాన్నా, కరుస్తోంది!"

గోలుపోస్టు కింద ఏమీ అనలేదు. నవ్వింది. అంత దూరానికీ వినిపించింది. తరవాత ఆకులు, గలగలా.

అక్కడినుంచి ఆమె లోపలికి తిరిగింది. ఆయన ఆగిన చుట్టు దాటి, ఇంకా లోపలికి. మంచులో పచ్చటి అడుగులు వంకర టింకరగా పోయాయి. ఆవిడవిలా కాదు. కొన్నిటికి మడమ ఉంది.

ఒక చోట ఆగింది.

అక్కడేమీ లేదు. చెట్టు లేదు, కంచె లేదు. ఊరికే గడ్డి. ఆమె ఆయన వైపు తిరగలేదు. పిలవలేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, అలా నిలబడిపోయింది.

ఆయన నడిచాడు. జోళ్ళ అచ్చులు మంచులో వెడల్పుగా, వేళ్ళు లేకుండా పడ్డాయి. దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది. ఆమె నిలబడినచోట రెండు పచ్చటి పాదాలు.

ఆయన మోకాళ్ళ మీద వంగాడు. మోకాళ్ళు కిర్రుమన్నాయి. అరచెయ్యి తెరిచి, ఆ అచ్చుల మీద పెట్టాడు.

వెచ్చగా ఉంది.

నేలదా? ఇప్పుడే జరిగిన ఆ పాదాలదా?

"తెలిసిందా నాన్నా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి తియ్యలేదు. కాసేపాగితే తెలుస్తుంది. పాదాలదైతే చల్లారిపోతుంది. నేలదైతే...

చెయ్యి తియ్యలేదు.

చుట్టూ గడ్డి మీద మంచు. ఇంకా ఎవరూ తొక్కని మంచు —